పురుగు చచ్చాక మందు ఎక్కడికి పోతుంది?

 

మంచు కరిగి, పెరట్లో మట్టి చేతికి మెత్తగా తగిలే రోజులు రాగానే మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక పండగ మొదలవుతుంది. కిటికీ గట్టు మీద ఖాళీ పెరుగు డబ్బాల్లో గోంగూర మొలకలు, వంగ నారు వెలుస్తాయి. "మీ దగ్గర మంచి బీర విత్తనాలున్నాయా?" అని ఫోన్లు మోగుతాయి. మా ఇంట్లోనూ అదే సందడి. నిరుడు వేసవిలో మా వంగ మొక్కల ఆకుల అడుగున తెల్లగా ఏదో చేరింది. కొమ్మ తడితే సన్నటి పొగలా లేచి, మళ్ళీ అక్కడే వాలింది. తెల్లదోమ! దాన్ని చూడగానే నా గుండె కాస్త కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నాలుగో తరగతి చదివే మా మనవరాలిని వెంటబెట్టుకుని తోట సామాన్ల దుకాణానికి వెళ్ళాను. అల్మరా మీద వేపనూనె సీసా కనబడింది. మనవరాలు దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, "తాతయ్యా, నీమ్ అంటే ఉగాది పచ్చడిలో వేసే చేదు పువ్వేనా?" అంది.

"అదేనమ్మా."

"మనం తినేదే అయితే పురుగులెలా చస్తాయి? పురుగుల్ని చంపేదే అయితే మనమెలా తింటాం?"

నలభై ఏళ్ళుగా రసాయన శాస్త్రంతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఇంత సూటి ప్రశ్న ఎదురై చాలా కాలమైంది. సరిగ్గా ఇలాంటిదే ఒకటి ఇంకొకరు కూడా నన్ను అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈసారి శీర్షికలో ఆ రెండు ప్రశ్నల సంగతీ చూద్దాం.

చిన్నాన్న అడిగిన ప్రశ్న

అది 1987. నేను వాల్తేరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ దసరా సెలవులకు ఊరొచ్చాను. మాది గుంటూరు జిల్లాలో నల్లరేగడి పల్లె. ఊరంతా పత్తే. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది ఆ ఏడే. అంతకు ముందు కొన్నేళ్ళుగా కొత్త రకం మందులు విపరీతంగా కొట్టారు. ఆ మందులకు దోమను తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు ముందు చచ్చాయి. దోమ మాత్రం తట్టుకోవడం నేర్చుకుంది. అడ్డూ ఆపూ లేకపోయేసరికి చేలకు చేలు జిగురు పట్టి నల్లబడిపోయాయి. ఆ దెబ్బకు ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

మా చిన్నాన్నకు ఐదెకరాల పత్తి ఉండేది. మందుల కొట్టులో అప్పు మీద ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా తెచ్చి, ఒకటి పని చెయ్యకపోతే రెండు కలిపి, రెండూ చాలకపోతే మూడు కలిపి కొట్టేవాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, మూతికి ఒక తువ్వాలు, అంతే. ఒకరోజు మధ్యాహ్నం ఎదురుగాలిలో మందు కొట్టి గట్టెక్కినవాడు గట్టు మీదే కూలిపోయాడు. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. జీపు మాట్లాడుకుని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అట్రోపిన్ ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చి ఎలాగో బతికించారు.

నాలుగో రోజున మంచం మీద లేచి కూర్చుని నన్ను పిలిచాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు చదివేది ఈ మందుల చదువేగా. నాకో సంగతి చెప్పు. పురుగు చచ్చాక ఈ మందు ఎక్కడికి పోతుందిరా?"

నాకు ఆ మందు అణువు బొమ్మ తెలుసు. దాన్ని ఏ ఫ్లాస్కులో, ఎంత వేడి మీద తయారు చేస్తారో తెలుసు. పరీక్షలో రాస్తే పదికి పది వచ్చేవి. కానీ పని అయిపోయాక అది ఎక్కడికి పోతుందో తెలియదు. ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు మరి!

"ఎండకు పోతుందిలే చిన్నాన్నా" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మూడేళ్ళ తర్వాత ఈ దేశం వచ్చాను. మొదటి జీతాల్లోంచి డబ్బు పంపి చిన్నాన్న మందుల కొట్టు బాకీ తీర్చాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను. ఆ డబ్బాల్లోది ఏ నేలలోకి ఇంకిందో, ఏ చెరువులో కలిసిందో మాత్రం అప్పుడూ ఆలోచించలేదు.

హరిత రసాయనం అంటే

1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు హరిత రసాయన శాస్త్రం, అంటే గ్రీన్ కెమిస్ట్రీ మీద ఒక పుస్తకం రాశారు. రసాయనాలు తయారు చేసేవాళ్ళు పాటించవలసిన పన్నెండు సూత్రాలు అందులో ఉన్నాయి. మొదటి సూత్రం మన అమ్మమ్మలకు కొత్తది కాదు: చెత్త పుట్టాక ఎత్తిపోయడం కన్నా పుట్టకుండా చూడటం మేలు. వడ్లు దంచితే ఊక పొయ్యిలోకి, తవుడు గేదెకు, నూకలు ఉప్మాకు, బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి పోయేవి. పారబోసేది ఏముంది? ఒక వస్తువు తయారయ్యేటప్పుడు వాడిన పరమాణువుల్లో ఎన్ని సరుకులోకి వెళ్ళాయి, ఎన్ని చెత్త అయ్యాయి అని హరిత రసాయనం వేసే లెక్కా ఇలాంటిదే.

పదో సూత్రం చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పని పూర్తయ్యాక హాని లేని ముక్కలుగా విరిగిపోయేలా, ప్రకృతిలో తిష్ఠ వేసుకుని కూర్చోకుండా ఉండేలా పదార్థాన్ని ముందే రూపొందించాలన్నది దాని సారాంశం. పురుగు చచ్చాక మందు ఎక్కడికి పోతుంది? చిన్నాన్న మంచం మీద కూర్చుని అడిగింది ఇదే! ఐదో తరగతితో చదువు మానేసిన మనిషి, పుస్తకం రావడానికి పదకొండేళ్ళ ముందే అడిగాడు.

ఆ ప్రశ్న ముందే వేసుకోకపోతే ఏమవుతుందో చరిత్ర చూపించింది. డీడీటీకి పురుగుల్ని చంపే గుణం ఉందని 1939లో కనుక్కున్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అది మలేరియా దోమలను చంపి లక్షల మందిని కాపాడిన మాట నిజం. కానీ అది విరగదు, కరగదు. చేప కొవ్వులో చేరి, చేపను తిన్న గద్దలో చేరి, గద్ద గుడ్డు పెంకును పల్చన చేసింది. 1972లో అమెరికా దాన్ని పంటల మీద నిషేధించింది. కేరళలోని కాసర్‌గోడ్‌లో జీడిమామిడి తోటల మీద ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి పల్లెల వాళ్ళు జబ్బులతోనూ, కోర్టులతోనూ పోరాడితే చివరికి 2011లో మన సుప్రీం కోర్టు ఆ మందును ఆపింది.

చేలోకి రాకముందే ప్రాణం తీసిన మందూ ఉంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో గాలిలో కలిసిన విషం మిథైల్ ఐసోసయనేట్. అది సెవిన్ అనే పురుగుమందు తయారీలో మధ్యమెట్టు. మధ్యలో అంత విషం పుట్టకుండా, పుట్టినా టాంకుల్లో నిలవ ఉంచకుండా సరుకు చెయ్యగలమా అన్నది కూడా హరిత రసాయనం అడిగే ప్రశ్నే.

చేదు వెనక ఉన్న చదువు

ఇక మనవరాలి ప్రశ్నకు వద్దాం. వేప మన కల్పవృక్షమని తాతలు చెబితే సరేనంటాం గానీ, శాస్త్రవేత్తలు ఎందుకని అడుగుతారు. 1959లో సూడాన్ దేశం మీద మిడతల దండు పడింది. కనిపించిన ప్రతి పచ్చటాకూ తినేసిన మిడతలు వేపచెట్టును మాత్రం వదిలేశాయి. జర్మనీ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముటరర్ దాన్ని కళ్ళారా చూశాడు. 1962లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం వేప గింజల పొడి కలిపిన నీళ్ళు చల్లితే మిడతలు ఆ పంటను ముట్టవని నిరూపించింది. 1968లో ఇంగ్లండులో వేప గింజల్లోంచి అసలు పదార్థాన్ని విడదీశారు. దాని పేరు అజాడిరాక్టిన్. 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులు మెలికలు తిరిగి అల్లుకున్న అణువు అది.

ఆ అల్లిక ఎలా ఉందో తేల్చడానికి 1985 దాకా పట్టింది. దాన్ని ప్రయోగశాలలో తయారు చెయ్యడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం 22 ఏళ్ళు తంటాలు పడి 2007లో సాధించింది. మా ఊరి రచ్చబండ దగ్గర వేపచెట్టు మాత్రం ఏటా ఎండాకాలంలో ఎండా, గాలీ, నీళ్ళూ పెట్టుబడిగా అదే పదార్థాన్ని బుట్టల కొద్దీ చేసి కింద రాలుస్తోంది. హరిత రసాయనానికి ఇంతకన్నా మంచి కర్మాగారం ఎక్కడుంది?

ఇప్పుడు పని తీరు చూడండి. చిన్నాన్నను పడగొట్టిన మందు నరాల మీద దెబ్బ కొడుతుంది. నరం నుంచి కండరానికి కబురు అందాక ఆ కబురును తుడిచేసే ఎంజైము ఒకటుంటుంది. ఆ మందు దాన్ని పట్టి కట్టేస్తుంది. దాంతో కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఆ ఎంజైము పురుగులోనూ ఉంది, మనిషిలోనూ ఉంది. అందుకే మందుకు పురుగెవరో, రైతెవరో తెలియదు.

అజాడిరాక్టిన్ దారి వేరు. లద్దె పురుగు పెరగాలంటే పాము కుబుసం విడిచినట్టు నాలుగైదు సార్లు ఒంటి తోలు విడవాలి. ఆ పనికి దాని ఒంట్లో ఒక హార్మోను ఊరాలి. అజాడిరాక్టిన్ ఆ హార్మోనును ఊరనివ్వదు. తోలు విడవలేక పురుగు అక్కడే ఆగిపోతుంది. పైగా చేదుకు ఆకు తినడమే మానేస్తుంది. మనం తోలు విడవం కదా! అందుకని ఉగాది పచ్చడిలో నాలుగు వేపపువ్వు రేకులు మనల్నేమీ చెయ్యవు. ఆకు కొరకని తేనెటీగకూ బెడద తక్కువే. ఇక ఎండ తగిలితే అది కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. అందుకే వేప కషాయాన్ని సాయంత్రం పూట కొట్టమంటారు. ఈ మందు ఎక్కడికి పోతుందని చిన్నాన్న ఇప్పుడు అడిగితే "ఎండకు పోతుంది" అని నిజంగానే చెప్పవచ్చు.

కషాయం తయారీ కూడా వంటంత సులువు. ఆషాఢంలో రాలిన వేపపళ్ళ గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి, దంచి, ఐదు కిలోల పప్పు పొడిని గుడ్డలో మూట కట్టి రాత్రంతా పది లీటర్ల నీళ్ళలో నానేస్తారు. పొద్దున మూటను బాగా పిసికి, వడకట్టి, వంద గ్రాముల సబ్బు పొడి కలిపి, నీళ్ళు పోసి వంద లీటర్లు చేస్తారు. ఐదు శాతం కషాయమంటే ఇదే. సబ్బు ఎందుకో పిల్లలు చివర్లో చేసి చూస్తారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రకృతిలోంచి వచ్చినదల్లా మంచిది, కర్మాగారంలో పుట్టినదల్లా చెడ్డది అనుకోకండి. పొగాకులోని నికోటిన్ నూటికి నూరు పాళ్ళూ ప్రకృతి సిద్ధమే, కానీ ప్రాణాంతకం. వేపనూనెను కూడా పసిపిల్లలకు తాగించకూడదు, అపాయం. హరిత రసాయనం పుట్టిల్లు అడగదు, ఏం చేస్తుంది, ఎవరిని చేస్తుంది, తర్వాత ఏమవుతుంది అని అడుగుతుంది.

వేప ఒక్కటే కాదు

చేలో కర్రకు వేలాడే చిన్న ప్లాస్టిక్ గరాటా, కింద సంచీ మీరు ఊరెళ్ళినప్పుడు చూసే ఉంటారు. లింగాకర్షక బుట్టలంటారు. ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలవడానికి గాలిలోకి ఒక వాసన వదులుతుంది. ఈ పిలుపు వాసనల్లో మొదటిదాన్ని 1959లో జర్మనీ శాస్త్రవేత్త బుటెనాంట్ ఐదు లక్షల పట్టు పురుగుల నుంచి విడదీశాడు. శనగపచ్చ పురుగుకు ఒక వాసన, పొగాకు లద్దె పురుగుకు మరొకటి. కొన్ని మిల్లీగ్రాముల వాసనను రబ్బరు బిళ్ళలో ఎరగా పెడితే మగ పురుగులు వచ్చి సంచీలో పడతాయి. ఆకు మీద చుక్క మందు పడదు. ఎన్ని పడ్డాయో లెక్క చూసి, మందు కొట్టే అవసరం ఉందో లేదో రైతు తేల్చుకుంటాడు. ఇలాంటి అణువులను తక్కువ మెట్లలో, తక్కువ చెత్తతో తయారు చేసే కిటుకుల్లో ఒకటి మెటాథెసిస్. దానికే షోవాన్, గ్రబ్స్, ష్రాక్ అనే ముగ్గురికి 2005లో నోబెల్ వచ్చింది.

ఇంకొకటి స్పైనోసాడ్. 1982లో కరీబియన్ దీవుల్లో పాడుబడిన రమ్ము బట్టీ దగ్గర తీసిన పిడికెడు మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. మనం ఇడ్లీ పిండి పులియబెట్టినట్టు దాన్ని పులియబెడితే ఈ పురుగుమందు వస్తుంది. 1999లో అమెరికా ప్రభుత్వం దీనికి హరిత రసాయన పురస్కారం ఇచ్చింది. మన మిరప, పత్తి రైతులకూ ఇది పరిచయమే. ఇదీ ఎండకు విరుగుతుంది. అయితే తడిగా ఉన్నప్పుడు తేనెటీగలకు ప్రమాదం. పదేపదే అదే కొడితే పురుగు దీనికీ అలవాటు పడుతుంది. తెల్లదోమ నేర్పిన పాఠం మరిచిపోకూడదు.

ఎరువుల సంగతీ ఒక మాట. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. వరి చేలో చల్లిన దానిలో పైరుకు అందేది సుమారు మూడో వంతే. మిగిలినదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు త్వరత్వరగా మార్చేస్తే కొంత నీళ్ళలో కొట్టుకుపోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలిలో కలుస్తుంది. భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు. వేపలోని పదార్థాలు ఆ సూక్ష్మజీవుల్ని కాస్త నెమ్మది చేస్తాయి. మా నాన్న రోజుల్లోనే ఐదు పాళ్ళ యూరియాకు ఒక పాలు వేపపిండి కలిపి చల్లేవారు. 2015 నుంచి భారతదేశంలో యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. పాత అలవాటు కర్మాగారం దాకా వెళ్ళిందన్నమాట.

పునుకుల చేసి చూపింది

ఇదంతా కాగితం మీద బాగానే ఉంది, చేలో నడుస్తుందా అంటారా? అప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల అని ఒక పల్లె. అక్కడా పత్తే, అక్కడా మందుల అప్పులే. 2000 ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థల సాయంతో కొద్దిమంది రైతులు పురుగుమందు డబ్బా ముట్టకుండా సాగు మొదలుపెట్టారు. వేసవి దుక్కులు దున్ని నేలలోని కోశాలను ఎండబెట్టారు. పత్తి చుట్టూ ఆముదం, బంతి వేసి పురుగును అటు మళ్ళించారు. జిగురు పూసిన పసుపు పళ్ళాలు, లింగాకర్షక బుట్టలు పెట్టారు. వేప కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం కొట్టారు. ఆడవాళ్ళు వేప గింజలు ఏరి, దంచి, పొడి అమ్మకం మొదలుపెట్టారు. కొన్నేళ్ళలోనే ఊరు ఊరంతా పురుగుమందు వద్దని తీర్మానించుకుంది. వరంగల్ వైపు ఏనెబావి అనే చిన్న పల్లె 2006 నాటికి ఎరువులు కూడా మాని పూర్తి సేంద్రియ గ్రామమైంది. 2004-05 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతి ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ పురస్కారంలో వాటా దక్కింది.

తొందరపడితే ఏమవుతుందో పక్కనే ఉన్న శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువులు, మందుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేశారు. రైతుకు శిక్షణ లేదు, బదులు ఎరువు లేదు. దిగుబడులు పడిపోయాయి. నవంబరుకల్లా నిషేధం ఎత్తేయవలసి వచ్చింది. పునుకుల ఒక్కో రైతుతో, ఒక్కో పంటతో నేర్చుకుంది. తేడా అక్కడుంది.

మన పొలాల మాట

మిత్రులారా, ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట చెప్పాలి. మనలో చాలామందికి ఊళ్ళో నాన్నగారి పొలం ఉంది. కౌలుకిచ్చాం. ఏటా కౌలు డబ్బు బాంకులో పడిందా లేదా చూసుకుంటాం. ఆ చేలో ఏం చల్లుతున్నారో ఎప్పుడైనా అడిగామా? నేను అడగలేదు.

రెండేళ్ళ క్రితం ఊరెళ్ళినప్పుడు చిన్నాన్న నన్ను నా నాలుగెకరాల మీదికి తీసుకెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి, చేతులు వణుకుతాయి, కర్ర పట్టుకుని నడుస్తాడు. గట్టు వార ఖాళీ మందు డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. నేను కౌలుదారుతో హరిత రసాయనం గురించి, వేపపిండి గురించి ఉత్సాహంగా చెప్పుకుపోయాను. అతను ఓపిగ్గా విని ఒక్కటే మాట అన్నాడు.

"వేపపిండి వేస్తే నేల బాగుపడటానికి రెండు మూడేళ్ళు పడుతుందండి. వచ్చే ఏడు ఈ చేను నాకిస్తారో, ఇంకొకరికిస్తారో తెలీదు. కౌలు ముందే కట్టాను. పంట పోతే నాకు మిగిలేది అప్పే. పురుగు కనపడగానే మందు కొట్టక ఏం చెయ్యమంటారు?"

చిన్నాన్న నా వైపు చూశాడు. 1987లో చూసినట్టే చూశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ డబ్బాల గుట్టలో నా వాటా ఎంత? కౌలు ఎక్కువ, గడువు తక్కువ, నష్టం మొత్తం అతనిది. మందు కొట్టేది అతని చెయ్యే అయినా, ఆ చేతికి పంపు అందించింది నేనే. మర్నాడు కూర్చుని మాట్లాడుకున్నాం. మూడేళ్ళ కౌలు కాగితం రాసుకున్నాం. మొదటి ఏడాది కౌలు తగ్గించాను. వేపపిండి, బుట్టల ఖర్చు నాది. నమ్మకంగా చూడటానికి చిన్నాన్న ఉన్నాడు.

అద్భుతాలేమీ జరగలేదు. మొదటి ఏడాది దిగుబడి కాస్త తగ్గింది, మందుల ఖర్చు అంతకన్నా ఎక్కువ తగ్గింది. ఒకసారి పచ్చదోమ మితిమీరితే మందు కొట్టక తప్పలేదని అతనే ఫోన్ చేసి చెప్పాడు. ముందు రోజుల్లో చెప్పేవాడు కాదు. నాకు అదే పెద్ద మార్పు. కిందటి నెల చిన్నాన్న ఫోన్లో, "గట్టు మీద సాలీళ్ళు గూళ్ళు కడుతున్నాయిరా" అన్నాడు. దోమను తినే ఆ సాలీళ్ళను మా చేలో చూసి ఎన్నేళ్ళయిందో!

ఈసారి మీరు ఇంటికి వెళ్ళినప్పుడు కౌలెంత అని అడిగే ముందు, ఏం చల్లుతున్నావు, ఎందుకు చల్లుతున్నావు, మానాలంటే నా నుంచి ఏం కావాలి అని అడిగి చూడండి. మన చదువు మనల్ని ఇంత దూరం తెచ్చింది. అందులో కొంత ఆ నేలకు తిరిగి పంపడానికి పెద్ద ఖర్చేం కాదు.

పిల్లలూ, మీరు చేసి చూడండి

ఒక గాజు సీసాలో సగం నీళ్ళు పోసి, అందులో ఒక చెంచా వంటనూనె వెయ్యండి. మూత బిగించి బాగా ఊపండి. రెండు నిమిషాలు ఆగి చూడండి. నూనె మళ్ళీ పైకి తేలిందా? ఇప్పుడు గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి మళ్ళీ ఊపండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. సబ్బు అణువుకు ఒక కొస నూనెను, ఇంకో కొస నీళ్ళను పట్టుకుంటుంది. అందుకే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్ళంతా పరుచుకుంటుంది. వేప కషాయంలో సబ్బు కలిపేది ఇందుకే. ఆకుకు సమంగా అంటుకుంటుంది. మీ అమ్మమ్మ దగ్గర కుంకుడు కాయలుంటే సబ్బుకు బదులు కుంకుడు రసంతో చేసి చూడండి. ఏది ఎక్కువ సేపు తెల్లగా ఉందో రాసి పెట్టుకోండి.

ఇంకో పని. ఈ ఆదివారం ఇండియాలో తాతయ్యకో, నాయనమ్మకో ఫోన్ చేసి ఒక ప్రశ్న అడగండి: "మీ చిన్నప్పుడు ధాన్యానికి, పప్పులకు పురుగు పట్టకుండా ఏం చేసేవాళ్ళు?" వాళ్ళు చెప్పింది తెలుగులో నాలుగు వాక్యాలు రాసి మాకు పంపండి. మంచివి వచ్చే సంచికలో వేద్దాం.

అన్నట్టు, మా వంగ మొక్కల సంగతి చెప్పడం మరిచాను. వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి మనవరాలే సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టింది. తెల్లదోమ పూర్తిగా పోలేదు, చాలావరకు తగ్గింది. మొదటి కోతలో పదకొండు కాయలు వచ్చాయి. మా ఆవిడ గుత్తి వంకాయ కూర చేసింది. మనవరాలు రెండు కాయలు తిని, "తాతయ్యా, ఆ మందు ఇప్పుడెక్కడికి పోయింది?" అని అడిగింది.

ఈసారి నిజం చెప్పాను.